మాంద్యంలో వలస కూలీ: రంగూన్ రేవు నుంచి అచ్యుతాపురం దాకా

ఆర్థిక మాంద్యం వచ్చిన ప్రతిసారీ వలస కార్మికుల గురించి రెండు ప్రశ్నలు పుడతాయి. బయటినుంచి వచ్చినవాళ్ల వల్ల స్థానికుల పనులు పోతున్నాయా, కూలి తగ్గుతోందా అన్నది మొదటిది. పని పోయిన వలస కూలీ ఏమవుతాడు, అతను తిరిగి చేరిన ఊళ్లో కూలి ఏమవుతుంది అన్నది రెండోది. పత్రికలూ చట్టసభలూ ఆర్థికవేత్తలూ మొదటి ప్రశ్న మీదే ఎక్కువగా తర్జనభర్జన పడ్డారు. కూలీలను పంపే ప్రాంతాలకు మాత్రం రెండోదే ముఖ్యం. ఉత్తరాంధ్రకు ఈ రెండూ అనుభవమే. నూరేళ్ల కిందట విశాఖపట్నం జిల్లా బర్మాకు కూలీలను పంపింది. ఇప్పుడు అదే నేల ఒకవైపు గల్ఫ్ దేశాలకూ గుజరాత్ రేవులకూ మనుషులను పంపుతూ, ఇంకోవైపు ఒడిశా, బిహార్, జార్ఖండ్ కూలీలను రప్పించుకుంటోంది.

వలస ప్రభావం ఒక్క సూత్రానికి లొంగేది కాదు. వచ్చినవాడు స్థానికుడు చేసే పనే చేస్తే ఇద్దరి మధ్యా పోటీ ఉంటుంది. స్థానికుడి పనికి ఊతమిచ్చే వేరే పని చేస్తే ఒకరికొకరు తోడవుతారు. రైసు మిల్లులో బస్తాలు మోసే చేతులు పెరిగితే వరి పండించే రైతుకు మేలే జరుగుతుంది. పైగా వలస వచ్చినవాడూ తింటాడు, బట్ట కట్టుకుంటాడు, అద్దె చెల్లిస్తాడు. ఆ ఖర్చు మరికొందరికి పని కల్పిస్తుంది. మంచి రోజుల్లో ఈ రెండు కారణాల వల్ల స్థానిక కూలి మీద వలస ఒత్తిడి పెద్దగా కనపడదు. మాంద్యంలో లెక్క మారిపోతుంది. సరుకు ధర పడిపోతుంది, కొత్త ఖాళీలు ఉండవు, అంతవరకూ మెరుగైన పనుల్లో ఉన్న స్థానికులు ఒక మెట్టు దిగి వలస కూలీలు చేసే పనుల కోసం వస్తారు. నిన్నటిదాకా తోడుగా ఉన్నవాళ్లు పోటీదారులవుతారు. వలస వచ్చేవారి సంఖ్య పెరగకుండానే, కొన్నిసార్లు తగ్గుతూ ఉండగానే, పోటీ ముదురుతుంది. మాంద్యకాలపు వలస వివాదాలకు మూలం ఇక్కడే ఉంది. తెలుగువారి చరిత్రలో దీన్ని రంగూన్ చూపినంత స్పష్టంగా మరో చోటు చూపదు.

1852 యుద్ధం తరవాత దిగువ బర్మా బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక ఆ బియ్యానికి ఐరోపా మార్కెట్ దగ్గరైంది. పొలం దున్నే పనికి ఎగువ బర్మా నుంచి రైతులు దిగివచ్చారు. కోతలకు, మిల్లులకు, రేవుకు, పడవలకు, రిక్షాలకు, నగర పారిశుద్ధ్యానికి కావలసిన మనుషులు బంగాళాఖాతం ఇవతలి ఒడ్డునుంచి వెళ్లారు. వారిలో తెలుగువారి వాటా పెద్దది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలు ఈ వలసకు ఆయువుపట్టు. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కితే రంగూన్‌లో దిగేవారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆ నగరం పేరు రంగం. కోరంగి రేవు పేరుమీద బర్మాలో తెలుగు కూలీలందరికీ కోరంగీలన్న పేరు స్థిరపడింది.

ఈ వలస అధికభాగం రుతువును బట్టి నడిచేది. వర్షాధారపు మెట్ట పంటలు చేతికొచ్చి ఇక్కడ పనులు సన్నగిల్లే వేళకు బర్మాలో వరికోతలు మొదలయ్యేవి. ఆ తరవాత మిల్లు సీజను వేసవి దాకా సాగేది. కొందరు ఒక్క సీజనుకే తిరిగి వచ్చేవారు, ఎక్కువమంది రెండు మూడేళ్లుండి వచ్చేవారు. ఆడవాళ్లు చాలా తక్కువగా వెళ్లారు కాబట్టి కుటుంబం ఇక్కడే ఉండేది, డబ్బు ఇటు వచ్చేది. 1920ల చివర ఏటా నాలుగు లక్షల మంది వరకు భారతీయులు బర్మా రేవుల్లో దిగారు, దాదాపు అంతమందీ తిరుగు స్టీమరు ఎక్కారు. ఆ దశాబ్దంలో రంగూన్ ప్రపంచంలోని అతి పెద్ద వలస రేవుల్లో ఒకటి. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు కాస్త పైన ఉన్నారు, దేశ జనాభాలో సుమారు ఏడు శాతం. రంగూన్ నగరంలో మాత్రం సగానికి పైగా వారే. తెలుగువారు లక్షన్నరకు పైగా తేలారు.

పని ఇప్పించేవాడు మేస్త్రీ. ఊళ్లో అప్పు ఇచ్చి, టిక్కెట్టు కొని, జట్టును ఓడ ఎక్కించి, రంగూన్‌లో కంత్రాటుదారుకు అప్పజెప్పేవాడు. కంపెనీ ఇచ్చే సొమ్ము కంత్రాటుదారు, పెద్ద మేస్త్రీ, జట్టు మేస్త్రీ చేతులు మారి కూలీకి చేరేది. ప్రతి చేతిలోనూ కొంత మిగిలిపోయేది. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కావడంతో 1922 వలసల చట్టం ఈ ప్రయాణానికి వర్తించలేదు. మలయాకో సిలోన్‌కో వెళ్లే కూలీకి కాగితం మీదైనా ఉన్న రక్షణ రంగూన్ కూలీకి లేకపోయింది. 1929లో నియమితమైన విట్లీ కార్మిక కమిషన్ ఈ మేస్త్రీ పద్ధతిని పరిశీలించి తప్పుపట్టింది. ఎ. నారాయణరావు, రంగూన్‌లో వలస రక్షణ విభాగంలో పనిచేసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో వెలువరించిన గ్రంథాలు ఈ కూలీల జీతాల మీద, ఇరుకు బసల మీద నేటికీ ముఖ్యమైన ఆధారాలు. మాంద్యం దెబ్బ అందరికన్నా ముందు ఎవరిమీద పడింది అన్నదానికి ఈ పద్ధతిలోనే సగం జవాబు ఉంది. జట్టుకు నేరుగా యజమాని లేడు. పని తగ్గితే యజమాని ఎవరినీ తీసేయనక్కరలేదు, మేస్త్రీకి కబురు పంపకపోతే చాలు.

1930 వరకు పనుల విభజన గట్టిగా నిలిచింది. పొలం ఎక్కువగా బర్మీయులది, రేవూ మిల్లూ భారతీయులవి, వడ్డీ వ్యాపారం చెట్టియార్లది, టోకు ఎగుమతి ఐరోపా కంపెనీలది. బర్మాలో పనిచేసిన జె.ఎస్. ఫర్నివాల్ ఒకే రాజ్యంలో బజారులో తప్ప మరెక్కడా కలవని జాతుల సమాజాన్ని వర్ణించడానికి ఈ దృశ్యాన్నే ఆధారం చేసుకున్నాడు. ఆ విభజన న్యాయమైనదేమీ కాదు. అయినా పనికోసం ఇద్దరు ఒకచోట నిలబడే సందర్భాన్ని అది తప్పించింది.

ఆ గోడను కూల్చింది వరి ధర. 1930 చివరి నెలల్లో అంతర్జాతీయ బియ్యం మార్కెట్ కుప్పకూలింది, ఏడాది తిరిగేసరికి రంగూన్‌లో వడ్ల ధర సగానికి దిగిపోయింది. శిస్తూ వడ్డీ మాత్రం తగ్గలేదు. తాకట్టు పెట్టిన భూములు అప్పులకింద జమపడ్డాయి. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలోని సాగుభూమి 1930లో 6 శాతం, 1937 నాటికి 25 శాతం. చెట్టియార్లు కోరుకున్నది నగదు, చేతికి వచ్చినది అమ్ముడుపోని పొలం. పొలం పోయిన బర్మా రైతు కూలిపని వెతుక్కుంటూ నగరానికి వచ్చాడు. అక్కడ మిల్లు గుమ్మంలోనూ ఓడ పక్కనా తెలుగు కూలీ నిలబడి ఉన్నాడు. అప్పు ఇచ్చినవాడు, భూమి తీసుకున్నవాడు, బస్తా మోసేవాడు ఒకే దేశం నుంచి వచ్చినవాళ్లు కావడంతో కోపం వారి మధ్య తేడా చూడలేదు. రంగం వెళ్లిన కూలీకీ చెట్టియారుకూ ఆస్తిలోగానీ అధికారంలోగానీ పోలికే లేదు. అయినా దెబ్బ తగిలింది వీధిలో దొరికిన కూలీకే.

ధర పూర్తిగా కూలడానికి నెలల ముందే, 1930 మేలో రేవులో జరిగిన ఘటనలు మాంద్యకాలపు కార్మిక విపణి ఎలా పనిచేస్తుందో విడమరిచి చూపుతాయి. నెల మొదట్లో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు.  సరుకు దించే కంపెనీలు సమ్మెను విరగ్గొట్టడానికి అప్పటిదాకా ఆ పని ఎన్నడూ ఇవ్వని బర్మీయులను తెచ్చుకున్నాయి. వారాలు గడిచాక తెలుగు కూలీలతో కొద్దిపాటి పెంపుకు రాజీ కుదిరింది. మే 26 ఉదయం బర్మీయులు రోజులాగే పనికి వచ్చారు. వారి చోట పాతవాళ్లు నిలబడి ఉన్నారు. ఎగతాళి మాటలతో మొదలైన గొడవ నగరమంతా పాకింది. రోజుల తరబడి తెలుగువారి బసల మీద దాడులు జరిగాయి. వందమందికి పైగా చనిపోయారు, గాయపడినవారు వందల్లో ఉన్నారు. వేలమంది తలదాచుకోవడానికి చోటు వెతుక్కున్నారు.

ఆ రెండు జట్లూ పనిచేస్తామన్నవే. సమ్మె వేళ ఒకదాన్ని తెచ్చి, రాజీ వేళ దాన్ని పంపేసిన నిర్ణయం కంపెనీలది. రెండో జట్టుకు ఇవ్వవలసిన పరిహారం గురించి గానీ, పనిని ఇద్దరికీ పంచడం గురించి గానీ రాజీలో మాట రాలేదు. అల్లర్ల తరవాత రేవు పనిలో బర్మీయులకూ వాటా ఉండాలన్న ఏర్పాటు వచ్చింది. ముందే వచ్చి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి. మాంద్యంలో కొట్లాట పుట్టడానికి వలసదారుల సంఖ్య ఒక్కటే చాలదని, పనిని ఎవరు ఏ షరతుమీద పంచుతున్నారన్నది అంతకంటే ముఖ్యమని రంగూన్ రేవు చెబుతోంది.

1930 డిసెంబరులో థారవడ్డిలో సయా సాన్ తిరుగుబాటు లేచింది. మరుసటి ఏడాది డెల్టా పల్లెల్లోని భారతీయ కౌలుదార్లూ కూలీలూ రంగూన్‌కు పారిపోయి వచ్చారు. 1930, 1931లలో బర్మాకు వచ్చినవారికంటే వెళ్లిపోయినవారే ఎక్కువ. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి వేరుపడింది, 1938లో మళ్లీ అల్లర్లు చెలరేగాయి. అప్పుడు భారతీయ వలసను పరిశీలించడానికి జేమ్స్ బాక్స్‌టర్‌ను నియమించారు. వలస గణాంకాలను దశాబ్దాల వెనక్కి వెళ్లి తిరగేసిన ఆయన, భారతీయ కూలీలు బర్మీయుల చేతిలోని పనులను లాక్కోలేదని, బర్మా కార్మికశక్తికి అదనంగానే నిలిచారని తేల్చాడు. ఇకముందు రాకపోకలకు నియంత్రణ ఉండాలని కూడా సూచించాడు. ఆ నివేదిక ఆధారంగా 1941లో ఇండియా, బర్మా ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. అది అమలుకు వచ్చేలోపే, డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. లక్షలాది భారతీయులు కొండదారుల్లో నడిచి ఇండియా చేరారు. మిగిలినవారిలో చాలామందిని 1960లలో సైనిక ప్రభుత్వపు జాతీయీకరణ వెళ్లగొట్టింది. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు పేరుతో ఉన్న పేట అలా తిరిగివచ్చినవారిది.

ఇక ఇవతలి ఒడ్డు సంగతి. రంగూన్ నుంచి వచ్చే డబ్బు విశాఖపట్నం జిల్లా మెట్ట గ్రామాల్లో శిస్తు కట్టేది, పెళ్లిళ్లు చేసేది, కరువు ఏడాది తిండిగింజలు కొనేది. 1930 తరవాత ఆ డబ్బు సన్నబడింది, మనుషులు తిరిగివచ్చారు. ఇదే సమయంలో ఇక్కడా ధాన్యం, వేరుశనగ ధరలు పడిపోయాయి. పని అడిగేవాళ్లు పెరిగి, పని ఇచ్చే రైతు చేతిలో నగదు తగ్గినప్పుడు కూలి రేటు దిగడానికి వేరే కారణం అక్కరలేదు. జమీందారీ ప్రాంతాల్లో శిస్తు బకాయిలు పేరుకున్నాయి. ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు సాగిన రైతు రక్షణ యాత్ర, 1938లో మద్రాసు ప్రభుత్వం చేసిన రైతు రుణవిమోచన చట్టం ఈ దశాబ్దపు ఒత్తిడినుంచే పుట్టాయి. 1933లో తెరుచుకున్న విశాఖపట్నం హార్బరు మాంద్యకాలంలో జిల్లాలో నగదు కూలి దొరికిన కొద్ది చోట్లలో ఒకటి. బర్మాలో పని పోయినప్పుడు ఆ నష్టం లెక్కల్లో బర్మా నిరుద్యోగంగా కనపడలేదు. ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చి పల్లెల్లో కలిసిపోయింది.

మలయాలో పని పోయినవారిని వెనక్కి పంపడం ప్రభుత్వం చేతులమీదుగానే జరిగింది. రబ్బరు ధర కూలగానే 1930లో తోటలకు కూలీలను తెప్పించడం ఆపేశారు, కూలి తగ్గించారు, తోటల యజమానుల చందాతో నడిచే వలస నిధినుంచి ఛార్జీలు ఇచ్చి కూలీలను వెనక్కి పంపారు. 1930-33 మధ్య రెండు లక్షలకు పైగా భారతీయులు మలయా విడిచారు. తమిళులు ఎక్కువ, దిగువ పెరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరి తోటలవంటి చోట్ల స్థిరపడ్డ తెలుగువారూ అందులో ఉన్నారు. రబ్బరు ధర కోలుకోగానే మళ్లీ మనుషులను పిలిచారు. నిరుద్యోగాన్ని ఓడలో పెట్టి పంపేయగలిగిన తోటలకు మాంద్యం చవకగా గడిచింది. ఆ ఖర్చు మద్రాసు రాష్ట్రపు పల్లెలు భరించాయి. ఆనాటి అధికారులు దీన్ని సమర్థ నిర్వహణ అనుకున్నారు. పంపిన ఊళ్ల వైపునుంచి చూస్తే అది నష్టాన్ని పేదవాడి ఇంటికి చేరవేయడమే.

వెనక్కి పంపితే స్థానికులకు పని దొరుకుతుందా అన్న ప్రశ్నకు సరిగ్గా ఆ ఏళ్లలోనే అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 1929 తరవాత కొద్ది సంవత్సరాల్లో నాలుగైదు లక్షల మంది మెక్సికన్లను, అక్కడే పుట్టిన వారి పిల్లలతో సహా, సాగనంపారు. ఆర్థికవేత్తలు జాంగ్‌క్వాన్ లీ, జియోవాని పెరి, వాసిల్ యాసెనోవ్ నగరాలవారీగా జనగణన లెక్కలు పోల్చి చూస్తే, మెక్సికన్లు ఎక్కువగా వెళ్లిపోయిన చోట్ల స్థానికుల ఉపాధి పెరగలేదు. కొన్ని పనుల్లో తగ్గింది కూడా. పొలంలో కోత కోసేవాడు పోతే ఆ పంటను తూచేవాడికీ రవాణా చేసేవాడికీ లెక్క రాసేవాడికీ పని పోతుంది. 1964 చివర్లో మెక్సికన్ వ్యవసాయ కూలీల బ్రాసెరో పథకాన్ని స్థానిక కూలి పెరగాలనే ఉద్దేశంతోనే రద్దుచేశారు. ఆ ఉద్దేశం నెరవేరలేదని మైకేల్ క్లెమెన్స్ బృందం 2018లో చూపింది. యజమానులు టమాటా కోతకు యంత్రాలు తెచ్చారు, యంత్రానికి లొంగని పంటలు తగ్గించారు.

ఎక్కువగా వాదానికి వచ్చేది 1980 నాటి మయామి ఉదంతం. క్యూబా నుంచి కొద్ది నెలల్లో లక్షా పాతికవేల మంది ఫ్లారిడాలో దిగారు. మయామి కార్మికశక్తి ఏడు శాతం పెరిగింది, అదీ మాంద్యం ముంగిట్లో. అక్కడి తక్కువ నైపుణ్యపు కార్మికుల జీతాలు ఇతర నగరాల కంటే ఎక్కువగా పడిపోలేదని డేవిడ్ కార్డ్ 1990లో రాశాడు. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. హైస్కూలు పూర్తిచేయని మగవారిని విడిగా తీసుకుంటే జీతాలు గణనీయంగా తగ్గాయని జార్జ్ బోర్హాస్ 2017లో వాదించాడు. ఆ చిన్న నమూనాలో చేరిన మనుషులే మారిపోయారని ఇతరులు జవాబిచ్చారు. వాదం పూర్తిగా తెగలేదు గానీ, సగటు కార్మికుడి మీద ప్రభావం స్వల్పమని, ఉంటే గింటే ఆ దెబ్బ అట్టడుగు మెట్టు మీదివారికీ అంతకుముందు వచ్చిన వలసదారులకూ తగులుతుందని చాలామంది ఒప్పుకుంటారు. 2008 మాంద్యం మీద బ్రయాన్ కడేనా, బ్రయాన్ కోవాక్ చేసిన పరిశోధన ఇంకో కోణం చూపింది. పని పోయిన మెక్సికన్ కూలీలు ఇళ్లూ బంధుత్వాలూ అంటిపెట్టుకుని ఉండక, పని ఉన్న నగరాలకు త్వరగా కదిలారు. దాంతో దెబ్బతిన్న నగరాల్లోని స్థానికులకు పోటీ తగ్గింది. కదలగలగడమే వలస కూలీ మాంద్యంలో ఇచ్చే కానుక. ఆ స్వేచ్ఛ లేని చోట ఈ ఫలితం కూడా రాదు.

గల్ఫ్‌లో చాలాకాలం లేనిది సరిగ్గా ఆ స్వేచ్ఛే. కఫాలా అనే పూచీ పద్ధతిలో అకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ చేతిలో, అంటే పూచీపడ్డ యజమాని చేతిలో ఉండేది. పని పోతే వేరే చోటికి మారడానికి వీలుండేది కాదు, మారితే ఖల్లివెల్లి, అంటే అనుమతి లేని కూలీ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాలనుంచి దుబాయి, సౌదీ వెళ్లిన నిర్మాణ కూలీలు, కడప, గోదావరి జిల్లాలనుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన మహిళలు, శ్రీకాకుళం వెల్డర్లూ ఫిట్టర్లూ ఈ షరతుల కిందే పనిచేశారు. 2008-09లో దుబాయి కట్టడాలు ఆగినప్పుడు, 2014 తరవాత చమురు ధర పడినప్పుడు జీతాలు నెలల తరబడి నిలిచిపోయాయి. సౌదీ 2011లో ప్రవేశపెట్టిన నితాఖత్ కంపెనీల్లో స్థానికుల కోటా పెంచి వేలమందిని ఇళ్లకు పంపింది. 2020లో ఇండియా చేసిన పనిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కరోనా మాంద్యంలో నేపాల్, బంగ్లాదేశ్ కూలీలతో పోటీలో వెనకబడకూడదని, గల్ఫ్‌కు వెళ్లే భారతీయ కార్మికుల కనీస సిఫారసు వేతనాలను కేంద్రం ఆ సెప్టెంబరులో 30 నుంచి 50 శాతం వరకు తగ్గించింది. తెలంగాణలోని గల్ఫ్ కార్మిక సంఘాల వారు హైకోర్టుకు వెళ్లారు, 2021లో పాత వేతనాలు తిరిగి వచ్చాయి. మాంద్యంలో కూలి తగ్గింపు పంపే దేశపు చేతులమీదుగా కూడా జరగగలదని అది రుజువు చేసింది.

చదువుకున్న తెలుగువారి వలస మీద మాంద్యం వేరే దారిలో పనిచేసింది. అమెరికా హెచ్-1బి వీసాల పరిమితి డాట్‌కామ్ రోజుల్లో ఏడాదికి 1,95,000 దాకా పెరిగి, 2004లో 65,000కు పడింది. 2001లో హైదరాబాద్ నుంచి వెళ్లినవారిలో ఎంతోమంది పని లేక బెంచి మీద కూర్చున్నారు. 2009లో ప్రభుత్వ సాయం పొందిన బ్యాంకుల హెచ్-1బి నియామకాల మీద ఆంక్షలు పెట్టారు, 2020 జూన్‌లో కొత్త ప్రవేశాలే ఆపారు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి చూసుకోవాలి. ఆ గడువు దగ్గరపడేకొద్దీ తక్కువ జీతానికి ఒప్పుకోక తప్పదు, ఆ తక్కువ జీతం పక్క బల్ల దగ్గరి అమెరికన్ జీతం మీద కూడా పడుతుంది. మేస్త్రీ అప్పుకీ, కఫీల్ సంతకానికీ, ఈ గడువుకీ స్థాయిలో ఎంతో తేడా ఉన్నా, కార్మికుడి బేరమాడే శక్తిని కోసేయడంలో మూడూ ఒక్కటే.

దేశం లోపలి వలసకు 2020 మార్చి 25 లాక్‌డౌన్ పరీక్ష పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీదే చిక్కుకున్నారు. ఏప్రిల్ చివర్లో బస్సులు కదిలేదాకా ఆ పడవలే ఇళ్లు. ఊళ్లకు చేరినవారికి దొరికిన పని ఉపాధి హామీ పని. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం కింద 2020-21లో దేశమంతటా 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి, అంతకు ముందు ఏ ఏడాదీ అన్ని లేవు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది రోజుకూలి రూ. 237. ఊరికి తిరిగివచ్చినవాళ్లు వందలమంది ఉన్నా కూలి రేటు మరీ కిందికి జారకుండా ఈ రేటు అడ్డుకట్ట వేసింది. 1931లో రంగం నుంచి దిగినవాడికి అలాంటిది ఏదీ లేదు. రెండు మాంద్యాల మధ్య అతి పెద్ద తేడా ఇదే.

ఇప్పుడు ఉత్తరాంధ్రలోని చోడవరం ప్రాంతమే పంపేది, రప్పించుకునేది అన్న రెండు పాత్రల్లోనూ ఉంది. 2022లో అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతం బతుకు చెరకు మీద, బెల్లం మీద నడిచింది. గోవాడలోని సహకార చక్కెర ఫ్యాక్టరీ క్రషింగ్ సీజనే కోత కూలీకి, బండివాడికి, లారీకి పనిచ్చేది. కానీ తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార మిల్లులు ఒకదాని తరవాత ఒకటి ఆగిపోయాయి, చెరకు విస్తీర్ణం తగ్గుతూ వచ్చింది. పల్లెల్లో పని తగ్గినవారు అచ్యుతాపురం సెజ్‌కూ పరవాడ ఫార్మా సిటీకీ విశాఖ భవన నిర్మాణానికీ వెళ్తున్నారు. అక్కడ వారికంటే ముందే ఒడిశా, బిహార్, జార్ఖండ్ కూలీలు కంత్రాటుదారుల షెడ్లలో ఉన్నారు. రంగూన్ రేవులో తెలుగు కూలీ నిలబడిన చోట ఇప్పుడు బిహారీ నిలబడ్డాడు, పొలం వదిలి వచ్చిన బర్మా రైతు చోట చోడవరం చెరకు కూలీ ఉన్నాడు. స్థానికుణ్ని తీసుకోకపోవడానికి కంత్రాటుదారులు చెప్పే కారణాలు కూడా పాతవే: పండగకు సెలవు అడగడు, పన్నెండు గంటలైనా చేస్తాడు, షెడ్డులోనే ఉంటాడు. ఇవేవీ బిహారీ పుట్టుకతో తెచ్చుకున్న గుణాలు కావు. ఊరికి దూరంగా, అడ్వాన్సు కింద, తోడు లేకుండా ఉన్నవాడి నుంచి ఎవరైనా ఇవి రాబట్టగలరు.

2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలని చట్టం చేసింది. ఇలాంటి చట్టాన్నే హర్యానా తెస్తే అక్కడి హైకోర్టు 2023లో కొట్టేసింది. రాజ్యాంగం మాట అటుంచినా, ఈ రకపు కోటా కంత్రాటు పద్ధతిని ముట్టుకోదు. కంపెనీ జాబితాలో లేని కూలీని ఏ శాతంలోనూ లెక్కించలేరు. అడ్వాన్సు తీసుకుని వలస వెళ్లే ఒడిశా దాదన్ కూలీల దుస్థితి చూసి 1979లో తెచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కంత్రాటుదారుకు లైసెన్సు, కూలీకి పాస్‌బుక్కు, అదే పని చేసే స్థానికుడితో సమాన వేతనం తప్పనిసరి చేసింది. స్థానికుడి కూలిని కాపాడేదీ ఆ చివరి నియమమే, ఎందుకంటే ఇద్దరి రేటూ ఒకటైతే ఒకరిని చూపి ఇంకొకరిని తగ్గించే అవకాశం పోతుంది. 2020లో ఆ చట్టాన్ని వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు. కలపకముందు కూడా దాని అమలు నామమాత్రమే.

తిరిగివచ్చేవారి వైపు చూస్తే, కేరళ 1998 నుంచి నమూనా ఇళ్లలో వలస సర్వేలు వరసగా చేయించుకుంటోంది. ఏ జిల్లానుంచి ఎంతమంది ఏ దేశంలో ఉన్నారో, ఎంతమంది తిరిగివచ్చారో ఆ సర్వేలు చెబుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి సర్వేల పరంపర లేదు. గల్ఫ్‌లో కట్టడాలు ఆగితేనో వేరావల్‌లో వేట ఆగితేనో ఏ మండలంలో ఎన్ని చేతులు పనికోసం దిగుతాయో ముందుగా తెలిస్తే ఉపాధి పనుల ప్రణాళికను దానికి తగ్గట్టు సిద్ధం చేయవచ్చు. 2020 వేసవిలో మండల కార్యాలయాలు బస్సులు వచ్చాక, దిగినవారిని చూసి లెక్క వేసుకున్నాయి.